లేబుల్ లేని రెండు సీసాలు

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలు. రాత్రి పట్టిన ముసురు ఇంకా తెరిపివ్వలేదు.

మా పెద్దమ్మాయి హైమ గచ్చు మీద కూర్చుని తన సామానంతా అట్టపెట్టెలో సర్దుతోంది. థర్మామీటరు, గాజు గొట్టాలు, అయస్కాంతాలు, లిట్మస్ కాగితాలు. అన్నీ తనకి జర్మన్ నేర్పిన జీవరత్నం మాస్టారు ఇచ్చినవే.

"తిరిగిచ్చేస్తానమ్మా. రేపట్నుంచి పుస్తకం ఒక్కటే చెప్తాను" అంది.

లోపల దాని చెల్లెలు చిత్ర పడుకుని ఉంది. మెలకువగానే ఉందని నాకు తెలుసు.

హైమ జర్మన్ చెబుతుంది, ఊరి చివర ఒక శిక్షణ కేంద్రంలో. అక్కడ చేరేవాళ్ళంతా నర్సులూ ల్యాబ్ టెక్నీషియన్లూ కావాలనుకునే పిల్లలు. జర్మనీ ఆసుపత్రుల్లో పనికి వెళ్ళాలని వాళ్ళ ఆశ. వాళ్ళకి హైమ పాఠం ల్యాబ్‌లోనే చెప్పేది. మంచు ముక్క కరుగుతుంటే కరగడం అన్న మాట, అయస్కాంతం లాగుతుంటే లాగడం అన్న మాట. పని నేర్చుకుంటూ భాష, భాష నేర్చుకుంటూ పని. మాస్టారు తనకి అలాగే నేర్పారు మరి.

మా చిన్నమ్మాయి చిత్ర కూడా ఆ క్లాసే.

కిందటి వారం యాసిడ్‌ని పల్చన చేసే పాఠం. కెమిస్ట్రీ సారు గదిలోనే ఉన్నారు. ముందు నీళ్ళు తీసుకోవాలి, అందులో యాసిడ్ కొంచెం కొంచెంగా పొయ్యాలి. తిరగేస్తే చిమ్ముతుంది. ఈ మాటలు హైమ జర్మన్‌లో నెమ్మదిగా రెండుసార్లు చెప్పింది. "ఫెర్‌ష్టాండెన్?" అని అడిగింది. అర్థమైందా అని. క్లాసంతా ఒక్క గొంతుతో "ఫెర్‌ష్టాండెన్" అంది. చిత్ర కూడా అంది.

చిత్ర యాసిడ్ ముందు పోసింది. దాని మీద నీళ్ళు పోసింది.

ల్యాబ్ కళ్ళజోడు పెట్టుకుంది కాబట్టి కళ్ళు దక్కాయి. మణికట్టు కాలింది. కెమిస్ట్రీ సారు పరుగున వచ్చి ఆ చెయ్యి కుళాయి కింద పెట్టి అలాగే పట్టుకున్నారట.

ఫోనొచ్చినప్పుడు నేను కందిపప్పు ఏరుతున్నాను. ఆ చాట మళ్ళీ చేతిలోకి తీసుకోలేకపోతున్నాను.

వాళ్ళ నాన్న ఇలాంటి ముసురులోనే ఒకనాడు లారీ మీద వెళ్ళి తిరిగి రాలేదు. అప్పట్నుంచి పొద్దుపోయాక గుమ్మం దగ్గర చెప్పులు చూసుకోవడం నాకు అలవాటు. అన్నీ ఉంటేనే తలుపేస్తాను.

ఇప్పుడు అన్ని చెప్పులూ ఉన్నాయి. ఇంట్లో మాటే లేదు. అక్కాచెల్లెళ్ళు ఒకే మంచం మీద పడుకుంటారు, చెరో పక్కకి తిరిగి. హైమ అడుగుతుంది, తగ్గిందా అని. తగ్గిందక్కా అంటుంది చిత్ర. నొప్పా అంటే లేదంటుంది. అంతే.

ఇదివరకు మా వంటింట్లో ఎంత గోల. హైమ గరిటె పైకెత్తి "వాస్ ఇస్ట్ దాస్?" అనేది. ఇదేమిటి అని. చిత్ర జవాబు చెప్పాలి. పప్పుగుత్తి, జల్లెడ, ఉప్పుడబ్బా, ఏదీ వదిలేవారు కాదు. ఒకరోజు హైమ నన్ను చూపించి అడిగితే చిత్ర "దాస్ ఇస్ట్ పోలీస్" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకు జర్మన్‌లో వచ్చిందల్లా ఆ ఒక్క ప్రశ్నే.

హైమ పెట్టె చంకన పెట్టుకుంది. నేను గొడుగు తీశాను. నువ్వెందుకే అమ్మా అంది. నేను చెప్పులు వేసుకున్నాను. చిత్రని చూస్తుండమని పక్కింటావిడకి చెప్పాను.

మాస్టారిల్లు గోదారి గట్టు దాటాక రెండో సందు. ఆయన మిషన్ హైస్కూల్లో ఏళ్ళ తరబడి సైన్సు చెప్పారు. కుర్రతనంలో జర్మనీలో చదువుకుని వచ్చారు. రిటైరయ్యాక సాయంత్రాలు అరుగు మీద జర్మన్ చెప్పేవారు. హైమ డిగ్రీ చదివేటప్పుడు ఆ అరుగు మీదే ఉండేది. ఎప్పుడొచ్చినా చేతికి మసో రంగో అంటించుకుని వచ్చేది.

మేం వెళ్ళేసరికి మాస్టారు పీట మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా నీళ్ళ బేసిను. పాత మందుసీసాలు అందులో నానబెట్టి గోటితో లేబుళ్ళు గీకుతున్నారు. కూరగాయల విత్తనాలు దాచుకోవడానికట.

హైమ పెట్టె ఆయన పక్కన పెట్టింది. జరిగింది చెప్పింది. గొంతు ఎక్కడా వణకనివ్వలేదు. అది చూసి నాకే ఏడుపొచ్చింది.

"సైన్సు నాకొద్దు మాస్టారూ. ప్రిన్సిపాల్ గారూ అదే అన్నారు. జర్మన్ ఒక్కటీ చెప్పుకుంటాను."

మాస్టారు లేబులు గీకుతూనే అడిగారు.

"ఆ రోజు పిల్లల్ని నువ్వేమడిగావు?"

"అర్థమైందా అన్నాను."

"ఏమన్నారు?"

"అయిందన్నారు. అందరూ. ఒక్క గొంతుతో. జర్మన్‌లోనే."

మాస్టారు చిన్నగా నవ్వారు.

"జర్మన్‌లో ఆయ్ అన్నారన్నమాట."

మా గోదారి వాళ్ళకి ఆయ్ అనడం ఊపిరి తీసుకోవడమంత తేలిక. పెద్దవాళ్ళు ఏం చెప్పినా ఆయ్. ఎటెళ్ళాలో తెలియకపోయినా దారి చెప్పినాయనకి ఆయ్. నాకు తెలీలేదండీ అని నోరు తెరిస్తే ఎదురు చెప్పినట్టు, పైగా మొద్దు అనిపించుకున్నట్టు. నేను మా అమ్మకి అలాగే ఆయ్ అన్నాను. నా పిల్లలూ నాకు అలాగే ఆయ్ అన్నారు. బాగానే పెంచాననుకున్నాను.

హైమ తల వంచుకుంది. మాస్టారు పెట్టె ముట్టుకోలేదు. టీ పెట్టి తీసుకురమ్మని హైమని లోపలికి పంపారు. పంచదార ఎక్కడుందో చెప్పలేదు. వెతుక్కుంటుందిలే అన్నారు నాతో.

ఆ తర్వాత రెండు సీసాలు తుడిచి నా చేతికిచ్చారు. పెరట్లో కుళాయి ఉంది, రెండూ నింపి మూతలు బిగించి తెమ్మన్నారు. హైమకి చెప్పొద్దన్నారు.

తెచ్చి ఇచ్చాను. ఆయన వాటిని గుడ్డసంచిలో పెట్టుకున్నారు.

"రేపు నేనూ క్లాసుకి వస్తానమ్మా. చిన్నమ్మాయిని కూడా తీసుకురండి."

"మళ్ళీ ఆ గదిలోకా మాస్టారండీ?"

ఆయన నా ముఖం చూశారు.

"మీరూ వచ్చి కూర్చోండి" అన్నారు.

హైమ టీ తెచ్చింది. పంచదార దొరకలేదట. ముగ్గురం అలాగే తాగాం. పంచదార ఎక్కడండీ అని అది అడగలేదు. ఆయనా చెప్పలేదు.

వెళ్ళేటప్పుడు ఆ పెట్టె హైమ చేతికే ఇచ్చి, రేపు పట్టుకురా అన్నారు.

సోమవారం మధ్యాహ్నం క్లాసుకి బయల్దేరే వేళకి చిత్ర కడుపునొప్పి అంది. కట్టు ఉన్న చేత్తో జడ వేసుకోలేక కూర్చుని ఉంది. నేను దువ్వెన తీసుకుని వెనకాల కూర్చున్నాను. చిక్కు తీస్తూ, నేనూ వస్తున్నానే అన్నాను. గదిలోకా అంది. గదిలోకే అన్నాను. జడ అయ్యాక లేచి చున్నీ వేసుకుంది. కాలిన చెయ్యి చున్నీ కింద దాచుకుంది.

వాన అలాగే పడుతోంది. గట్టు మలుపులో మాస్టారు మా ఆటో ఎక్కారు. సంచి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆటో గతుకులో పడ్డప్పుడల్లా లోపల సీసాలు టింగుమన్నాయి. చిత్ర ఆ సంచినే చూస్తూ కూర్చుంది.

ల్యాబ్‌లో పిల్లలు లేచి నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారితో మాస్టారు పొద్దున్నే మాట్లాడి ఒప్పించారట. నన్ను గుమ్మం పక్క స్టూలు మీద కూర్చోబెట్టారు. ఈయన మా మాస్టారు అని హైమ చెప్పింది. మస్తాన్ అనే కుర్రాడు, అయితే మాకు తాత మాస్టారండీ అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు. చిత్ర వెనక బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

మాస్టారు సంచిలోంచి రెండు సీసాలు తీసి బల్ల మీద పెట్టారు. పక్కన ఒక గాజు పాత్ర. సీసాల మీద ఏ కాగితమూ లేదు. రెండింటిలోనూ తేటగా కనిపించేదేదో ఉంది. అవి నీళ్ళని ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

ఆయన జర్మన్‌లో మొదలుపెట్టారు. చేతులు చూస్తుంటే నాకూ తెలుస్తూనే ఉంది. ఈ సీసా ఇందులో పోస్తాను. తర్వాత ఆ సీసా దాని మీద పోస్తాను. అంతే చెప్పారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. చొక్కా చేతులు మోచేతిదాకా మడిచారు.

"ఫెర్‌ష్టాండెన్?"

"ఫెర్‌ష్టాండెన్" అంది క్లాసంతా. గోడలు మోగాయి.

మొదటి సీసా మూత తీసి పాత్రలో పోశారు. ఏమీ కాలేదు.

రెండో సీసా ఎత్తారు. ఆయనకి చెయ్యి వణుకుతుంది, వయసు. సీసా మూతి పాత్ర అంచుకి తగిలి చప్పుడవుతోంది. ముఖం సరిగ్గా పాత్ర మీదికి వంచారు.

ఆగి మళ్ళీ అడిగారు. ఫెర్‌ష్టాండెన్?

ఈసారి గొంతులు తగ్గాయి. కానీ అదే మాట అన్నారు.

హైమ అడుగు ముందుకు వేసింది. ఆయన దానివైపు చూడకుండానే ఎడంచెయ్యి ఎత్తి ఆపారు. అది ఆగిపోయింది. గురువుగారు ఆగమంటే ఆగడమే దానికి తెలుసు. పెదవి మాత్రం కొరుక్కుంటోంది.

నీళ్ళని తెలిసి కూడా నేను స్టూలు అంచు గట్టిగా పట్టుకున్నాను. నా చేత్తో పట్టిన నీళ్ళు. అయినా ఆ ముసలి చెయ్యీ, ఒట్టి కళ్ళూ చూస్తుంటే కుళాయి గుర్తుకు రాలేదు. చిత్ర చెయ్యే కనిపించింది.

సీసా వంగింది.

"వాస్ ఇస్ట్ దాస్?"

వెనక నుంచి. చిన్న గొంతు.

మాస్టారి చెయ్యి ఆగింది. చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకున్నారు, వినపడనట్టు.

చిత్ర లేచి నిలబడింది. చున్నీ జారింది. కట్టు ఉన్న చేత్తోనే సీసాని చూపించింది.

"వాస్ ఇస్ట్ దాస్?"

క్లాసు గొల్లుమంది. మొదటి రోజు మొదటి పాఠం అది. బల్లని చూపించి, పలకని చూపించి నేర్చుకున్నది. మస్తాన్ లేచి మర్యాదగా, ఇది పుస్తకమండీ అని జర్మన్‌లో జవాబు చెప్పాడు. ఇంకా నవ్వారు.

మాస్టారు నవ్వలేదు. సీసా దించారు. మూత పెట్టారు. బల్లల మధ్య నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ చిత్ర దగ్గరికి వెళ్ళారు. పెద్దవాళ్ళకి వంగినట్టు కొంచెం వంగారు. జర్మన్‌లో ఏదో అన్నారు.

నవ్వులు ఆగిపోయాయి.

ఆయన అన్నదేమిటో ఇంటికొచ్చాక హైమ చెప్పింది. "అడిగినందుకు థాంక్సండీ. మనం కలిసి కనుక్కుందామా?" అన్నారట. చిన్నపిల్లలకి వాడే మాట కాకుండా, పెద్దవాళ్ళకి వాడే 'మీరు'తో అన్నారట.

చిత్ర బల్ల దగ్గరికి వచ్చింది. హైమ తెచ్చిన పెట్టె మాస్టారు తెరిచి దాని ముందు పెట్టారు. చిత్ర ముందు ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి ఆయనకే ఇచ్చింది. పెట్టుకోమన్నట్టు. ఆయన బుద్ధిగా పెట్టుకున్నారు. అప్పుడు మళ్ళీ నవ్వారు పిల్లలు. ఇది వేరే నవ్వు.

ఆ తర్వాత గంటసేపు ఎలా గడిచిందో నాకు తెలియదు. ఒకళ్ళు లేచి రంగుందా అని అడిగారు. ఇంకొకళ్ళు వాసన ఎలా ఉందన్నారు. ముక్కు దగ్గర పెట్టకుండా చేత్తో విసురుకుని చూడాలని ఎవరో అన్నారు, ఆ మాట జర్మన్‌లో రాక చేతులాడించారు. హైమ ఆ మాట అందించింది. వేడిగా ఉందా, చల్లగా ఉందా. థర్మామీటరు ముంచారు. చదివింది ఒకరు, రాసింది ఒకరు. రాయనని, పలకనని మొండికేసే ఒక పిల్ల కూడా అంకెలు గట్టిగా పలికింది. మస్తాన్ మాటలు చాలక, తెలుగు ముక్కలకి జర్మన్ తోకలు తగిలించి అడిగాడు. ఎవరూ ఒక్క గొంతుతో మాట్లాడలేదు. ఎవరి గొంతు వాళ్ళది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ అవి ప్రశ్నలని తెలిసింది. ప్రశ్న ఏ భాషలోనైనా ఒకేలా వినపడుతుందనుకుంటాను, చివర కొంచెం పైకి లేస్తుంది.

ఆఖరికి చిత్ర నీలం కాగితం ముంచింది. నీలంగానే ఉంది. ఎరుపు ముంచింది. ఎర్రగానే ఉంది. రెండో సీసాకీ అంతే.

అది క్లాసుకేసి తిరిగి చెప్పింది, "దాస్ ఇస్ట్ వాసర్."

ఆ మాట నాకూ అర్థమైంది.

"ఇంత చేసీ నీళ్ళేనా తాత మాస్టారండీ" అన్నాడు మస్తాన్.

మాస్టారు ఆయ్ అన్నారు.

గది ఖాళీ అయ్యాక హైమ ఆయన దగ్గరికి వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. గురువుగారి మీద కోపం తెచ్చుకోవడం దానికి చేతకాదు. అయినా తెచ్చుకుంది.

నాకు ముందే చెప్పాల్సింది కదండీ అంది. మీ చెయ్యి ఏమైపోతుందోనని నా ప్రాణం పోయిందండీ అంది. ఎంత సేపని అలా చూస్తూ నిలబడనండీ అంది.

మాస్టారు సీసాలు సంచిలో పెట్టుకుంటున్నారు. పని ఆపి దాని ముఖం చూశారు. ఆ చూపులో ఎంత జాలి ఉందో.

"నువ్వూ అడగలేదు కదమ్మా."

ఆయన పెట్టె మూత మూసి, దాని చేతుల్లో పెట్టి, భుజం తట్టారు. ప్రార్థన కూటం ఉందని అటునుంచి అటే బస్సెక్కి వెళ్ళిపోయారు.

మేం ముగ్గురం వేరే బస్సు కోసం నిలబడ్డాం. షెడ్డు కారుతోంది. ఒకటే గొడుగు. పిల్లలిద్దరినీ దాని కిందకి తోసి నేను గోడకి చేరగిలబడ్డాను.

హైమ చెల్లెలి కట్టు మీద వేలు పెట్టీ పెట్టనట్టు పెట్టింది. తగ్గిందా అని అడగబోయి ఆగింది. నేను చూశాను.

"ఎలా ఉందే?" అంది.

చిత్ర కాసేపు వాన చూసింది.

"లాగుతుందక్కా. రాసేటప్పుడు. రాత్రిళ్ళు మంట."

హైమ తలూపింది.

"ఆ రోజు నాకు అర్థం కాలేదక్కా. ముందు ఏది పొయ్యమన్నావో తెలీలేదు. అందరూ అన్నారని అన్నాను. నువ్వు చెప్తుంటే, అక్క పాఠం చెల్లెలికే అర్థం కాలేదంటే నీకు..."

హైమ దాన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు. గొడుగు పక్కకి ఒరిగిపోయింది. ఇద్దరూ తడిసిపోయారు. నేను వెళ్ళి గొడుగు పట్టుకుని నిలబడ్డాను. బస్సు ఒకటి వచ్చి వెళ్ళిపోయింది. ఎవరమూ చెయ్యెత్తలేదు.

ఇంటికొచ్చేసరికి దీపాల వేళయింది. హైమ పెట్టె గూట్లో ఎప్పుడూ ఉండే చోటే పెట్టింది. రేపటి పాఠానికి ఏమేం కావాలో ఒక్కొక్కటీ తీసి చూస్తోంది. చిత్ర పక్కనే చేరి, ఇదెందుకక్కా, అదెందుకక్కా అని నస పెడుతోంది. ఒకసారి వంటింటి వైపు వేలు చూపించి ఏదో అడిగింది. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పోలీసనే మాట నాకు వినపడింది.

నేను చాట తీసి పప్పు ఏరడం మొదలుపెట్టాను.

వాన హోరు పెరిగింది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. పెద్దదాని చెప్పులు, బురదతో. చిన్నదాని చెప్పులు, ఒకటి బోర్లా. దాన్ని తిప్పి పెట్టాను. నావి. ముగ్గురం. అయినా తలుపు వెయ్యబుద్ధి కాలేదు.

ఫోను మోగింది. అవతల మాస్టారి గొంతు. గట్టు దగ్గర బస్సు చాలాసేపు ఆగిపోయిందట.

"ఇల్లు చేరానమ్మా. మీరంతా చేరారా?"

"ఆయ్" అన్నాను. ఆయన అలాగే లైన్లో ఉన్నారు. మళ్ళీ చెప్పాను. హైమ వచ్చిందండీ. చిత్ర వచ్చింది. నేను వచ్చాను. మీరు వచ్చారు.

నలుగురం. తలుపు వేశాను.